తల ఒకరిది, కొలువు ఒకరిది

ఈ సంపుటిలో పదకొండు కథలున్నాయి. దాదాపు అన్నింటిలోనూ ఎవరో ఒకరి మెదడు తన ఒంట్లో ఉండదు. ఒక కథలో అది మదనపల్లె టమోటా మార్కెట్టులో గాజుతొట్టిలో తేలుతుంటుంది. ఇంకో కథలో మొగిలి ఘాటు ఎక్కే లారీ ఇంజను పక్కన ఉంటుంది. మరో కథలో బెంగళూరు కంపెనీ ఒకటి దాన్ని నెల అద్దెకు ఇస్తుంటుంది. పుస్తకం తెరవగానే ‘ఇదేం పైత్యం’ అనేవాళ్లు తప్పక ఉంటారు. అలాంటివాళ్లను గుమ్మంలోనే పట్టుకుని కూర్చోబెట్టడానికే పెద్దవాళ్ల చేత పీఠికలు రాయించే ఆచారం పుట్టిందని నా అనుమానం.

రచయిత్రి మా గంగవరం పిల్ల. నా దగ్గర జీవశాస్త్రం చదువుకుంది. కప్పను కోసి చూపించే పాఠం రోజున తక్కిన పిల్లలు ముక్కు మూసుకుని వెనక్కి జరిగితే, తను బల్ల దగ్గరికొచ్చి ‘దీని ఆలోచన యాడుంటుంది సార్?’ అని అడిగింది. పుర్రె విప్పి చూపించాను. చూసింది కానీ తృప్తి పడలేదు. ఇప్పటికీ పడలేదనడానికి ఈ పుస్తకమే సాక్ష్యం. ఇప్పుడు తను బెంగళూరులో కంప్యూటర్ల ముందు కూర్చునే ఉద్యోగం చేస్తోంది. పండగలకు పలమనేరు బస్సు దిగి ఇంటికొచ్చినప్పుడు ఒక్కో కథా తెచ్చి నా చేతిలో పెట్టేది.

మెదడు కథలు రాసేవాళ్లలో చాలామంది ఒకే ప్రశ్న పట్టుకుని వేళ్లాడతారు. తల మారితే మనిషి మారినట్టా, కాదా? నేను అనేది ఎక్కడుంటుంది? మంచి ప్రశ్నే. వేదాంతులకు కూడా పనికొస్తుంది. ఈ అమ్మాయి దాన్ని దాటి వెళ్లింది. బయటికి తీసిన ఆ మెదడు ఎవరికి పని చేస్తోంది, దాని కూలి ఎవరికి ముడుతోంది, అది సెలవు అడిగితే ఇచ్చేదెవరు అని అడుగుతుంది. వెట్టిచాకిరీ గురించి విన్న ప్రాంతపు మనిషికే తట్టే ప్రశ్న ఇది. ఈ పుస్తకం నాకు నచ్చడానికి అసలు కారణం ఇదే. తక్కినదంతా ఈ కారణానికి నేను చెప్పే వివరణ.

ముందు ఒక అపోహ తీర్చాలి. తలలు మార్చే కథలు ఇంగ్లీషు నవలల నుంచి దిగుమతి అయ్యాయనుకుంటారు. మన బేతాళుడు ఎప్పుడో చెప్పాడు. పదకొండో శతాబ్దంలో సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరంలో బేతాళ కథలున్నాయి. అందులో ఒక ఇల్లాలు గుడిలోకి వెళ్లేసరికి భర్త, తమ్ముడు ఇద్దరూ అమ్మవారికి తలలు అర్పించుకుని పడి ఉంటారు. ఆమె కూడా ప్రాణం తీసుకోబోతే దేవి కరుణించి, తలలు మొండేలకు అతికించమంటుంది. తొందరలో ఆమె భర్త తలను తమ్ముడి మొండేనికి, తమ్ముడి తలను భర్త మొండేనికి పెట్టేస్తుంది. ఇద్దరూ లేచి కూర్చుంటారు. ఇప్పుడు ఆమె మొగుడెవరు? తెలిసి చెప్పకపోయావో నీ తల వెయ్యి చెక్కలవుతుందని బేతాళుడి బెదిరింపు. అవయవాల్లో తల ప్రధానం కాబట్టి భర్త తల ఎవరికుందో అతడే భర్త అని విక్రమార్కుడు తీర్పు చెప్పాడు. ఈ కథను థామస్ మాన్ 1940లో జర్మన్ నవలికగా రాశాడు. గిరీశ్ కర్నాడ్ 1971లో ‘హయవదన’ నాటకంలోకి తెచ్చాడు. చందమామ చదివి పెరిగిన మాకు బేతాళుడంటే శంకర్ వేసిన బొమ్మే. రాజు భుజం మీద శవం, శవంలో ఇంకెవరో. ఆలోచిస్తే అది కూడా ఒకరి ఒంట్లో మరొకరు కాపురముండే కథే.

విక్రమార్కుడు రాజు. తల పక్షాన తీర్పు చెప్పడం రాజులకు సహజం. మా వైపు పల్లెల్లో ఇదే చిక్కు ఇంకో రకంగా తేలింది. పరశురాముడు తండ్రి మాట మీద తల్లి రేణుకను నరకబోతే, ఆమె పరుగెత్తి ఒక మాతంగి గుడిసెలో దూరిందనీ, ఇద్దరి తలలూ తెగాయనీ, వరం దొరికి బతికించేటప్పుడు తలలు తారుమారయ్యాయనీ చెప్తారు. ఊరూరికీ కథ కాస్త మారుతుంది. మారనిది ఒకటే. ఎవరు అసలు రేణుక అని ఊరు తగువు పెట్టుకోలేదు. ఈ తల, ఆ ఒళ్లు ఒక అమ్మవారు. ఆ తల, ఈ ఒళ్లు ఇంకో అమ్మవారు. ఇద్దరికీ చెరో గుడి కట్టి, చెరో పొంగలి పెట్టింది. పలమనేరు నుంచి ఘాటు దిగితే వచ్చే గుడియాత్తంలో ఏటా మే నెలలో గంగమ్మ శిరస్సు తిరునాళ్ల జరుగుతుంది. అమ్మవారి తలను వీధులన్నీ ఊరేగించి, తెచ్చి వేరే స్త్రీ మొండేనికి నిలుపుతారు. మా వాళ్లు బండ్లు కట్టుకుని పోయేవాళ్లు. తలను కళ్లకద్దుకున్నవాళ్లే మొండేనికీ మొక్కుతారు.

రాజసభ తలకు పట్టం కట్టింది. ఊరు ఇద్దరినీ నిలబెట్టుకుంది. ఈ రచయిత్రి ఊరి పక్షాన నిలబడి రాసిందని నేను గట్టిగా చెప్పగలను.

పడమటి దేశాల మెదడు కథలు ఎక్కువగా విక్రమార్కుడి తీర్పునే నెత్తిన పెట్టుకున్నాయి. మేరీ షెల్లీ 1818లో ‘ఫ్రాంకెన్‌స్టైన్’ రాసినప్పుడు ఏ మెదడు తెచ్చి పెట్టారన్న ముచ్చటే లేదు. ఆ ప్రాణి ఒక పేదింటి గోడ వెనక నక్కి, వాళ్ల మాటలు విని భాష నేర్చుకుంటుంది, పుస్తకాలు చదువుకుంటుంది, మనుషులు రాళ్లు విసిరాక చెడిపోతుంది. 1931లో సినిమా తీసినవాళ్లకు ఇంత ఓపిక లేకపోయింది. సహాయకుడు మంచి మెదడున్న సీసా జారవిడిచి, నేరస్తుడి మెదడున్న సీసా పట్టుకొస్తాడు. అంతటితో రాక్షసుడెందుకు రాక్షసుడయ్యాడో తేలిపోయింది. వందేళ్లు దాటిన నవలలో ఉన్న లోకజ్ఞానం ఆ సీసా దెబ్బతో పోయింది. అప్పటినుంచీ సీసాలదే రాజ్యం.

హెచ్. జి. వెల్స్ మెదడును సీసాలో పెట్టలేదు, పెంచాడు. 1898లో వచ్చిన ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’లో కుజగ్రహవాసులు దాదాపు తలలే. 1901 నాటి చంద్రలోకపు నవలలో పాలకుడికి తల ఎంత పెద్దదంటే, వేడెక్కకుండా సేవకులు చల్లటి తుంపర్లు చల్లుతూ ఉంటారు. పెద్ద తల ఉంటే పెద్ద తెలివి, పెద్ద తెలివికి పెద్ద అధికారం అన్న లెక్క. మా మండలాల్లో ఈ లెక్కకు జవాబు అడవిలో తిరుగుతోంది. ఏనుగు మెదడు ఐదు కిలోలకు కొంచెం తక్కువగా తూగుతుంది. మనిషిది కిలోన్నర కూడా ఉండదు. నాడీకణాలు లెక్కపెడితే మనకు సుమారు 8,600 కోట్లు, ఆఫ్రికా ఏనుగుకు దానికి మూడింతలు, అందులో అత్యధిక భాగం వెనకవైపు ఉండే చిన్నమెదడులోనే. తొండం నడపడానికి అన్ని కావాలేమో. కౌండిన్య అడవి ఏనుగులు రాత్రికి రాత్రి చెరకు, అరటి తొక్కి పోతుంటే రైతుకు ఏనుగు తెలివి గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులను తెచ్చి పలమనేరు దగ్గర ముసలిమడుగులో శిబిరం పెట్టారు. అడవి ఏనుగులను తరమడానికి మచ్చిక చేసిన ఏనుగులు. ఒక జాతి బుర్రను అదే జాతి మీదికి ఉసిగొల్పే ఈ ఏర్పాటు ఏ సైన్సు ఫిక్షనుకూ తీసిపోదు. రచయిత్రి దీని మీద కథ రాయలేదు. రాయాలని నా కోరిక.

సీసా కథల్లో మేటి ‘డోనోవన్స్ బ్రెయిన్’. కర్ట్ సియోడ్‌మాక్ 1942లో రాశాడు. విమాన ప్రమాదంలో పోయిన కోటీశ్వరుడి మెదడును ఒక డాక్టరు తొట్టిలో బతికిస్తాడు. బతికిన మెదడు డాక్టరునే లొంగదీసుకుని తన బ్యాంకు లెక్కలు, పాత పగలు తీర్చుకోవడం మొదలుపెడుతుంది. చచ్చినా షావుకారు షావుకారే. దీనికి పూర్తి తలకిందులుగా రోల్డ్ డాల్ 1960లో ‘విలియం అండ్ మేరీ’ రాశాడు. జీవితమంతా భార్యకు ఇది చెయ్యొద్దు, అది చెయ్యొద్దు అని ఆంక్షలు పెట్టిన ప్రొఫెసరు పోయాక అతని మెదడు, ఒక కన్ను మాత్రం గిన్నెలో బతికి ఉంటాయి. ఆమె వచ్చి ఆ కంటి ముందే సిగరెట్టు వెలిగించి పొగ వదులుతుంది. నోరు లేదు, చెయ్యి లేదు, చూడ్డం తప్ప చేసేదేమీ లేదు. మెదడు ఒక్కటే మిగిలిన మనిషి ఎంత నిస్సహాయుడో నాకు తెలిసి ఇంత కసిగా చెప్పిన కథ ఇంకోటి లేదు. డబ్బుంటే డోనోవన్, లేకుంటే విలియం.

ఈ రెంటి మధ్య ఆన్ మెకాఫ్రీ రాసిన ‘ది షిప్ హూ సాంగ్’ ఉంది. మొదటి కథ 1961లో, పుస్తకం 1969లో. వికలాంగ శిశువుగా పుట్టిన హెల్వాను లోహపు కవచంలో పెట్టి, ఆమె మెదడును అంతరిక్ష నౌకకు కలుపుతారు. నౌకే ఆమె ఒళ్లు. పాడుతుంది కూడా. ఆ కథలో నన్ను ఆపిన సంగతి వేరే. పెంచి, చదివించి, కవచం తొడిగినందుకు అయిన ఖర్చంతా ఆమె పేరున అప్పుగా రాసి ఉంటుంది. అది తీరేదాకా కొలువు చెయ్యాల్సిందే. పాట గురించి రాసిన విమర్శకులు ఈ అప్పును ఎందుకు అంత తేలిగ్గా దాటేశారో నాకు అంతుబట్టదు. 1968లో ‘స్టార్ ట్రెక్’లో స్పాక్ మెదడు ఎత్తుకుపోయి భూగర్భ నగరానికి గాలి, వేడి నడిపించే పని అప్పగించిన భాగం కూడా ఉంది. కథగా అది నాసిరకం, అందరూ నవ్వుకున్నారు. కానీ చూడండి, అంత తెలివైన మెదడు దొరికితే వాళ్లకు తోచిన పని మునిసిపాలిటీ మేస్త్రీ పని.

మన సినిమాల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే కుర్రకారు నొచ్చుకుంటారు. పూరీ జగన్నాథ్ ‘ఇస్మార్ట్ శంకర్’ 2019లో వచ్చింది. చనిపోయిన పోలీసు అధికారి జ్ఞాపకాలను తీసి ఒక కిరాయి హంతకుడి బుర్రలోకి ఎక్కిస్తారు. ఈలలు వేసినవాళ్లలో ఎవరైనా గమనించారో లేదో, శంకర్ ఇష్టం ఏమిటని ఆ కథలో ఎవరూ అడగరు. కేసు తేలాలి, దానికొక పాతబస్తీ కుర్రాడి తల కావాలి, అంతే. 2024 నాటి ‘డబుల్ ఇస్మార్ట్’లో చావు దగ్గరపడిన నేరసామ్రాట్టు తన జ్ఞాపకాలను అదే శంకర్ తలలోకి దింపి బతకాలనుకుంటాడు. డోనోవన్ మళ్లీ వచ్చాడు, ఈసారి పాటలతో. సుకుమార్ ‘1 నేనొక్కడినే’ 2014లో, మెదడులో నూటికి పాతిక వంతులు గ్రే మేటర్ లేని నాయకుణ్ణి పెట్టి, ఏది జరిగింది ఏది జరగలేదు అని ప్రేక్షకుడి బుర్ర తినేసింది. నాకు నచ్చింది. ఆడలేదని విన్నాను.

సినిమాల్లో, ప్రసంగాల్లో పదేపదే వినిపించే ఒక బూటకం మాత్రం ఈ పుస్తకంలో ఎక్కడా లేనందుకు సంతోషించాను. మనిషి మెదడులో పది శాతమే వాడతాడన్న మాట అది. ఒంటి బరువులో నూటికి రెండు వంతులున్న మెదడు, ఒంటికందే శక్తిలో నూటికి ఇరవై వంతులు తినేస్తుంది. వాడని తొంభై శాతాన్ని ఇంత తిండి పెట్టి పోషించే ప్రాణి ఏదీ బతికి బట్టకట్టదు.

ఇంకో బూటకం, సీసాలోని మెదడు ప్రశాంతంగా మహత్తరమైన ఆలోచనలు చేస్తుందన్నది. 1950లలో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ హెబ్ ఆధ్వర్యంలో ఒక ప్రయోగం చేశారు. రోజుకు 20 డాలర్లిచ్చి విద్యార్థులను గదిలో పడుకోబెట్టారు. కళ్లకు వెలుతురు మాత్రం కనిపించే అద్దాలు, చేతులకు గొట్టాలు, చెవులకు ఒకే మోత. తినడానికి, బహిర్భూమికి తప్ప లేవకూడదు. పని లేకుండా రోజుకు 20 డాలర్లంటే అప్పట్లో పండగే. అయినా కొద్ది రోజులకే చాలామంది వల్ల కాదని లేచిపోయారు. కొందరికి లేని బొమ్మలు కనిపించాయి. ఒళ్లంతా ఉన్నవాళ్ల గతే అదైతే, కన్ను, చెవి, కడుపు ఏదీ లేని మెదడు సీసాలో గీతోపన్యాసం చేస్తుందా?

ఈ ఇంగితం రచయిత్రికి ఉంది. టమోటా మార్కెట్టు కథ చూడండి. మండీ యజమాని పోతాడు. రేపటి ధర చెప్పడంలో మదనపల్లెలో అతన్ని మించినవాడు లేడు కాబట్టి కొడుకులు మెదడును తొట్టిలో నిలుపుకుంటారు. కిలో రూపాయికీ అడిగేవాళ్లు లేక రోడ్డు పక్కన పారబోసే రోజులూ, 2023 జూలైలో లాగా కిలో 150 దాటిన రోజులూ చూసిన బుర్ర అది. వేలంపాట మొదలవుతుంది, తొట్టి ధర చెబుతుంది. క్రమంగా కొడుకులకు నష్టం రావడం మొదలవుతుంది. కారణం వెతికితే తేలేదేమిటంటే, బతికున్నప్పుడు ఆయన టమోటా చూసి ధర కట్టేవాడు కాదు. రైతు మొహం చూసి కట్టేవాడు. ఎంత తగ్గిస్తే ఒప్పుకుంటాడో, ఇంట్లో పెళ్లుందో, వెనక్కి తీసుకుపోవడానికి బండి బాడుగ ఉందో లేదో ఆ మొహంలో చదివేవాడు. ఇప్పుడు కళ్లు లేవు. సరుకుకు తగిన ధరే చెబుతున్నాడు. న్యాయంగా మాట్లాడడం మొదలుపెట్టిన తండ్రిని కొడుకులు ఏం చేశారో నేను చెప్పను. ఈ పుస్తకంలో ఇదే తలమానికం.

పట్టుపురుగుల కథకు నేను రెండో స్థానం ఇస్తాను. నిజానికి దాన్ని మొదట పెట్టాలని నా లోపలి సైన్సు మేస్టరు పోరుతున్నాడు. మా గంగవరం, పలమనేరు, కుప్పం వైపు మల్బరీ తోట, పురుగుల షెడ్డు లేని పల్లె తక్కువ. నాలుగు జ్వరాలు, అంటే పొర విడిచే నిద్రలు, దాటించి, గూళ్లు అల్లే చంద్రికల మీదికి ఎక్కించేదాకా ఇంటి ఆడవాళ్లకు నిద్ర ఉండదు. ఆ పురుగు తలలో ఉన్న మెదడు ఏం చేస్తుందో మేపేవాళ్లకు చాలామందికి తెలియదు. పురుగు ఎప్పుడు పొర విడవాలో, ఎప్పుడు రెక్కల పురుగుగా మారాలో చెప్పేది అదే. పోలండు శాస్త్రవేత్త స్తెఫాన్ కోపెచ్ దాదాపు వందేళ్ల కిందట ఒక రకం చిమ్మట మీద దీన్ని మొదట పట్టుకున్నాడు. 1940లలో హార్వర్డులో కారోల్ విలియమ్స్ అమెరికా అడవి పట్టుపురుగు సెక్రోపియాను తీసుకున్నాడు. దాని ప్యూపా చలికాలమంతా నిద్రపోయి, చలి తగిలాకే మేలుకుంటుంది. మెదడు తీసేసిన ప్యూపా ఎన్నాళ్లున్నా మారలేదు. చలికి పెట్టిన ఇంకో ప్యూపా మెదడును తెచ్చి దాని ఒంట్లో పెడితే లేచింది, రెక్కల పురుగైంది. నరాలు అతికించలేదు. తలలో కూడా పెట్టనక్కర్లేకపోయింది, పొట్టలో పెట్టినా పని చేసింది. మెదడు ఆలోచించే అవయవమే కాదు, రసాలు ఊరించే గ్రంథి కూడా అని అప్పుడు తేటతెల్లమైంది. మెదడు మార్పిడి సీసాల నవలల్లో కల్పనగా సాగుతున్న కాలంలోనే ఒక పురుగులో నిజంగా జరిగిపోయింది.

ఈ సంగతిని రచయిత్రి ఎలా వాడుకుందో చదివి నేను కుర్చీలోంచి లేచాను. పురుగులు మేపడంలో చెయ్యి తిరిగిన ఒక పెద్దావిడ పోతుంది. కంపెనీవాళ్లు ఆమె మెదడును షెడ్డులో పెడతారు, వేడీ తేమా చూసుకోవడానికి. పంటకూ పంటకూ మధ్య ఖాళీలో కరెంటు వృథా అని మంచుపెట్టెలో ఉంచి, కొత్త పంట రాగానే బయటికి తీస్తారు. ప్రతిసారీ కళ్లు తెరిచినట్టు మేలుకుని ఆమె అడిగే మొదటి మాట ‘జ్వరం లేచినాయా?’ తన సంగతి అడగదు, పురుగుల సంగతే అడుగుతుంది. లోపల ప్రాణి ఉండగానే గూడును వేడినీళ్లలో వేసి దారం తీసే ఊళ్లో, ఆమెకు జరిగిన దాన్ని ఎవరూ వింతగా చూడరు. రచయిత్రి ఈ పోలికను నోటితో చెప్పలేదు. చెప్పనందుకు శభాష్.

ఆస్పత్రుల గురించి నాలుగు మాటలు. తలకు పెద్ద దెబ్బ తగిలితే మా వైపు రెండే ఊళ్ల పేర్లు వినిపిస్తాయి, రాయవేలూరు, బెంగళూరు. వేలూరు సీఎంసీలో 1949లో జేకబ్ చాందీ మొదలుపెట్టిన న్యూరోసర్జరీ విభాగమే దేశంలో మొదటిది. బెంగళూరు నిమ్హాన్స్‌లో మెదళ్ల మ్యూజియం ఉంది. అక్కడ నిజమైన మనిషి మెదడును చూడవచ్చిన వాళ్ల చేతుల్లో పెడతారు. మందులో నానబెట్టింది కాబట్టి గట్టిగా ఉంటుంది. ఒంట్లో ఉన్నప్పుడు అది జున్నులా మెత్తన. తనకు తానుగా నొప్పి కూడా తెలియదు. ఈ రెండు ఊళ్ల ఆస్పత్రి వరండాల్లో కూర్చున్నవాళ్లకు తెలిసిన నిజం ఒకటుంది. నవలల్లో ఒళ్లు పోయి మెదడు మిగులుతుంది. ఇక్కడ మెదడు పోయి ఒళ్లు మిగులుతుంది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం మన దేశంలో మెదడు చావును చావుగా ఒప్పుకుంది. గుండె కొట్టుకుంటుంటుంది, చెయ్యి వెచ్చగా ఉంటుంది, డాక్టరు మాత్రం మనిషి పోయాడంటాడు. అప్పుడు సంతకం పెట్టిన తల్లి వల్ల ఇంకెవరికో కిడ్నీ, కాలేయం దొరుకుతాయి. ఈ పుస్తకంలోని ఏడో కథ ఆ సంతకం చుట్టూ తిరుగుతుంది. అందులో కల్పన చాలా తక్కువ. అందుకే చదవడం కష్టం.

మదనపల్లె పేరెత్తి జిడ్డు కృష్ణమూర్తిని తలవకపోతే ఆయన బడి రిషివ్యాలీలోని చెట్లు నన్ను క్షమించవు. 1895 మే నెలలో ఆ ఊళ్లో పుట్టిన ఆయన, భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బోమ్‌తో 1980లో చేసిన సంభాషణల్లో మెదడు గురించి గంటల తరబడి మాట్లాడాడు. అలవాట్ల గాడిలో పడి మెదడు కుంచించుకుపోతుందా, లోతైన ఎరుక కలిగితే ఆ కణాలే మారతాయా అన్నది వాళ్ల వెతుకులాట. చివరి ఏళ్లలో ఆయన్ను ఇంకో ఆలోచన వదల్లేదు. మనిషి చేసే పనులన్నీ కంప్యూటరు చేసేస్తే మెదడు గతేమిటి, ఆటపాటల్లో మునుగుతుందా, లోపలికి చూసుకుంటుందా అని సభల్లో పదేపదే అడిగేవాడు. అప్పటికి మా తాలూకాల్లో కంప్యూటరు చూసినవాడు లేడు. ఆయన తప్పుగా ఊహించలేదు. కాకపోతే పని పోయిన మెదడు గురించే ఆయన దిగులు. పనిలోంచి బయటపడలేని మెదడు ఈ పిల్ల దిగులు. తరానికీ తరానికీ తేడా అంత.

అద్దె మెదడు కథ అతి కల్పన అనుకునేవాళ్లకు ఒక కబురు. 2022లో మెల్‌బోర్న్‌లోని కార్టికల్ ల్యాబ్స్ వాళ్లు మనిషివీ ఎలుకవీ సుమారు 8 లక్షల నాడీకణాలను పళ్లెంలో పెంచి, పాత వీడియో ఆట ‘పాంగ్’ ఆడించారు. 2025లో అలాంటి కణాలతో నడిచే పెట్టెను అమ్మకానికి పెట్టారు. స్విట్జర్లాండులో ఫైనల్‌స్పార్క్ అనే సంస్థ నాడీకణాల ముద్దలను పరిశోధకులకు ఇంటర్నెట్టు ద్వారా అద్దెకిస్తోంది. అవి ఆలోచించవు, బాధపడతాయనడానికి ఆధారం లేదు, వాటిని మెదడు అనడం కూడా ఎక్కువే. కానీ అద్దె ఒప్పందం మాత్రం నిజం. కథ రాసే నాటికి ఈ సంగతి తనకు తెలియదని అమ్మాయి అంటుంది. నమ్ముతున్నాను.

పొగడ్తలన్నీ అయ్యాక నాలుగు చీవాట్లు పెట్టకపోతే పీఠిక చప్పగా ఉంటుంది. లారీ డ్రైవరు కథ మొదలు బాగుంది. ఘాటులో పోయిన డ్రైవరు మెదడుతో నడిచే లారీ, పాత టీ అంగడి దగ్గర తనంతట తాను ఆగి హారను కొట్టడం దాకా ఎవరైనా మెచ్చుకుంటారు. ఆ తరవాత వచ్చే ఛేజింగు పుస్తకంలోకి దారి తప్పి వచ్చిన సినిమా. నాలుగో కథలో శాస్త్రవేత్త మూడు పేజీల ఉపన్యాసం ఇస్తాడు. శాస్త్రవేత్తలు అంతసేపు మాట్లాడరు, ఎవరైనా వింటే కదా. రెండు కథల్లో మా యాస సంభాషణల్లో మాత్రమే ఉండి, కథనంలోకి రాగానే పత్రికల భాష అయిపోయింది. టమోటా కథలో అలా జరగలేదు. కాబట్టి చేతకాక కాదు, బెరుకు. అది పోవాలి.

ఆఖరి కథ మీద మా ఇద్దరికీ ఇంకా తగవు తెగలేదు. అందులో గంగవరంలో ఒకామె తల పగలంతా బెంగళూరు కంపెనీలో పని చేస్తుంటుంది. మొండెం ఇంటి దగ్గర ఉండి ఆవు పాలు పితుకుతుంది, నీళ్లు మోస్తుంది. నెలాఖరున జీతం ఎవరికివ్వాలని పంచాయితీ వచ్చి, చిత్తూరు లేబరు కోర్టు దాకా పోతుంది. జడ్జి వాయిదా వేస్తాడు, కథ అయిపోతుంది. తీర్పు చెప్పకుండా తప్పించుకున్నావేమమ్మా అని అడిగాను. జీతం మొండేనికే చెందాలని నా వాదన. రేషను కార్డుకైనా, పింఛనుకైనా సర్కారు ముందు అడిగేది వేలిముద్ర. ఆ వేలు ఇంటి దగ్గరే ఉంది. తలను ఏ రిజిస్టరులో గుర్తిస్తారు?

‘అవును సార్, కానీ బ్యాంకు పాస్‌వర్డు తలకే కదా తెలుసు’ అంది.